అనుమతించాలా, ఆపాలా?

మార్చి 4, మంగళవారం

పేపరు నేనే అమ్ముకున్నానట.

ఆ మాట ప్రిన్సిపాల్ నోటితో అనలేదు. అంత సూటి మనిషి కాదాయన. "మీ దగ్గర్నుంచే బయటికెళ్ళిందని అందరూ అనుకుంటున్నారు మేడమ్" అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. అందరూ అంటే ఎవరండీ అని అడిగాను. కళ్ళజోడు మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ఫిజిక్సు పరీక్షకు ముందురోజే నా ప్రశ్నలు ఊళ్ళో పిల్లల ఫోన్లలో తిరిగాయి. అవి నావి కాదని బుకాయించే వీలు కూడా లేదు. నాలుగో అంతస్తు నుంచి అత్తగారి చెయ్యి తగిలి పూలకుండీ జారిపడితే కింద నిలబడ్డ కోడలికి తప్పుకోవడానికి ఎంత వ్యవధి ఉంటుంది, అని లెక్క ఇచ్చేదాన్ని ఈ కాలేజీలో నేనొక్కదాన్నే. పిల్లలు నవ్వుకుంటూ చేస్తారని అలా ఇస్తాను. ఇప్పుడు ఆ అత్తా కోడలూ కలిసి నా మెడకు చుట్టుకున్నారు.

పరీక్ష రద్దు చేశారు. "ప్రశ్నపత్రం తయారుచేసిన అధ్యాపకురాలిపై విచారణ" అని నోటీసు బోర్డు మీద అంటించారు. పేరు రాయలేదు. ఫిజిక్సుకు ఉన్నది నేనొక్కదాన్నే అయినప్పుడు పేరు దేనికి?

"అజాగ్రత్త వల్ల జరిగిందని రెండు ముక్కలు రాసిచ్చెయ్యండి మేడమ్. ఆఖరి సంవత్సరం క్లాసులు వదిలేసి కింది క్లాసులు తీసుకోండి. గొడవ ఇక్కడితో అయిపోతుంది" అన్నాడు.

"రాయను."

"పోనీ, ఆలోచించుకుని..."

"ఆలోచించుకునే చెప్తున్నాను. రాయను."



మార్చి 5, బుధవారం

పేపరు నడిచిన దారంతా మళ్ళీ మళ్ళీ తలచుకుంటున్నాను. ఇంట్లో నా కంప్యూటర్ మీద టైపు చేశాను. స్టాఫ్‌రూమ్ కంప్యూటర్ మీద నలుగురి చెయ్యి పడుతుంది, ఇంట్లోనే చేసుకోండి అన్నది ప్రిన్సిపాలే. పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన బీరువాలో పెట్టాడు. తరవాత అచ్చు. అచ్చు గదిలో పనిచేసే ఆయన మీద అనుమానం పడదామంటే, పిల్లల ఫోన్లలో తిరిగింది అచ్చుకు వెళ్ళిన పేపరు కాదు. బీరువాలోకి వెళ్ళేముందు ప్రిన్సిపాల్ నాచేత ఒక ప్రశ్న మార్పించాడు. ఫోన్లలో తిరిగినదాంట్లో పాత ప్రశ్నే ఉంది. పెన్‌డ్రైవ్‌లో దాన్ని ఆయన ఎదుటే చెరిపేసి కొత్తది రాశాను కాబట్టి, పాతది నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు.

అంటే నా ఇంట్లోంచే పోయింది.

ఇంట్లో ఉండేది నేనూ అమ్మా. అమ్మకు కంప్యూటరంటే దుమ్ము తుడవాల్సిన వస్తువు.

పక్క వాటా వాళ్ళు నా వైఫై వాడుకుంటున్నారేమో. ఎవడో ఎక్కడో కూర్చుని నా కంప్యూటర్లోకి జొరబడ్డాడేమో. సాయంత్రం తమ్ముడు వచ్చాడు, విషయం తెలిసి పాపం కంగారుపడుతూ. రెండు వీధుల అవతల వాడి ట్యూషన్ సెంటరు. ఈ కంప్యూటర్ కొన్నప్పుడు అన్నీ వాడే పెట్టిచ్చాడు.

"నీ సిస్టమ్‌లో ఏ లోపమూ లేదక్కా. ఫైర్‌వాల్ ఉంది కదా, బయటివాడు ఎవడూ లోపలికి రాలేడు. కాలేజీలోనే ఎవడో కొట్టేసి ఉంటాడు. ఆ రెండు ముక్కలు రాసిచ్చి పడెయ్, మనశ్శాంతిగా ఉంటుంది."

"నువ్వు కూడా అదే అంటే ఎలారా?"

"నీ ఆరోగ్యం కోసం అంటున్నానక్కా."

నా ఆరోగ్యానికేం, రాయిలా ఉన్నాను.

మార్చి 6, గురువారం

కాలేజీకి రావద్దన్నారు, విచారణ అయ్యేదాకా. తీరిక దొరికింది. పొద్దుట్నుంచీ ఫైర్‌వాల్‌ల గురించే చదువుతున్నాను.

ఇన్నాళ్ళూ నేను అర్థం చేసుకున్నది సగమే. కంప్యూటర్‌తో పాటు వచ్చే కాపలా, దాన్ని మనం ముట్టుకోకుండా వదిలేస్తే, బయటినుంచి వచ్చేవాళ్ళనే నిలదీస్తుంది. లోపలున్న ప్రోగ్రామ్ ఏదైనా బయటికి వెళ్తానంటే ఎక్కడికి, ఎందుకు అని అడగదు. దొంగ ముందే ఇంట్లో ఉంటే, సామాను భుజానికెత్తుకుని దర్జాగా వెళ్ళిపోవచ్చు.

బయటికెళ్ళేవాటిని కూడా ఆపి అడిగే రకాలున్నాయట. తమ్ముడికి ఫోన్ చేసి ఏది మంచిదో చెప్పమన్నాను.

"అవన్నీ సిస్టమ్‌ని నత్తలా చేస్తాయక్కా. ఉన్నది చాలు. నువ్వేం వెయ్యకు, వేస్తే నేనొచ్చి వేస్తాను."

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఎందుకు సరే అన్నానా అనిపించింది. నా కంప్యూటర్, నా ఉద్యోగం, నా పరువు. ఒక ప్రోగ్రామ్ ఎంచుకోవడానికి ఇంకొకరు రావాలా?

మార్చి 7, శుక్రవారం

కంప్యూటర్ కొన్న షాపుకే వెళ్ళాను. షాపాయన చూపించినవి మూడు. ఒకటి ఊరికే వస్తుంది, కానీ గంటకోసారి తనను కొనుక్కోమని ఊదరగొడుతుంది. రెండోది అందరూ తీసుకునేది. రంగురంగుల డబ్బా, దాని మీద డాలు పట్టుకున్న వీరుడు. మూడోదానికి డబ్బా కూడా లేదు.

"రెండోది తీసుకోండి మేడమ్. వేసి మర్చిపోవచ్చు. దాని నిర్ణయాలు అదే తీసేసుకుంటుంది."

"లోపల్నుంచి బయటికెళ్ళేవాటి సంగతి?"

"అన్నీ దానికే తెలుస్తాయి మేడమ్, మిమ్మల్ని కదిలించదు."

"మూడోది?"

ఆయన మొహం చిట్లించాడు. "అది ప్రాణం తోడేస్తుంది మేడమ్. ప్రతిదానికీ అడుగుతుంది. ఇది వెళ్ళనా, అది వెళ్ళనా అని. తీసుకెళ్ళినవాళ్ళు వారం తిరక్కుండా తీయించేసుకున్నారు."

"అదే ఇవ్వండి."

నన్ను కదిలించకుండా నా తరఫున నిర్ణయాలు తీసుకునేవాళ్ళు కాలేజీ నిండా ఉన్నారు. ఇంట్లో ఇంకొకటి దేనికి?

నేనే వేసుకున్నాను. మధ్యలో రెండుసార్లు బెంబేలెత్తాను, అయినా వేసుకున్నాను. సాయంత్రమంతా అది టింగుటింగుమంటూనే ఉంది. ఫలానాది బయటికి వెళ్తానంటోంది, అనుమతించాలా, ఆపాలా? కాలిక్యులేటర్ కూడా బయటికి వెళ్తానంది! కూడికలు చేసుకునేదానికి బయట ఏం పనీ? ఆపాను.

"ఏమిటే అది, పాలవాడి సైకిలు బెల్లులాగా?" అంది అమ్మ.

"ఇంట్లోంచి ఎవరెవరు బయటికి వెళ్తున్నారో చెప్తోందమ్మా."

"నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారే ఇంట్లో?"

అదే చూద్దామని.

మార్చి 8, శనివారం

కావాలని ఒక పేజీ టైపు చేసి 'పరీక్షలు' ఫోల్డర్లో పెట్టాను. ఏవో నాలుగు పిచ్చి వాక్యాలు. భద్రపరచగానే టింగుమంది. 'ప్రింట్ హెల్పర్' బయటికి వెళ్తానంటోంది.

నాకు ప్రింటరే లేదు. పోయినేడు పాడైతే పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

ఆపాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆపాను. అదే పేజీని 'వంటలు' ఫోల్డర్లో పెట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. తిరిగి 'పరీక్షలు'లో పెట్టాను. టింగుమంది. పిల్లలకు చెప్పేది ఇదే కదా, ఒక్కటి మార్చి మిగిలినవి అలాగే ఉంచి చూడమని. నాలుగైదుసార్లు చేశాను. ఆ ఫోల్డర్లో ఏది పెట్టినా దానికి ప్రయాణం కావాలి.

ఎప్పట్నుంచి ఉందో చూశాను. కంప్యూటర్ ఇంటికొచ్చిన రోజు నుంచి.

షాపువాళ్ళే ఏదో వేసి ఉంటారు. వాళ్ళకు అలవాటేనట, అక్కర్లేనివన్నీ వేసి అంటగడతారు. సోమవారం వెళ్ళి కడిగేస్తాను.

మార్చి 9, ఆదివారం

షాపువాళ్ళే.

మార్చి 10, సోమవారం

షాపాయన నా మాట పూర్తికాకుండానే అన్నాడు. "మేమేం వెయ్యలేదు మేడమ్. ఖాళీ సిస్టమే ఇచ్చాం. అన్నీ తనే వేసుకుంటానని మీ తమ్ముడుగారే అన్నారు కదా, మీరూ పక్కనే ఉన్నారు."

ఉన్నాను. నిజమే.

వాడికి తెలియకుండా వేరే ప్రోగ్రామ్‌తో పాటు వచ్చి చేరి ఉండొచ్చు. అలా వస్తుంటాయని చదివాను.

వాడు నా వెనకాలే తిరుగుతూ పెరిగినవాడు. నా చెయ్యి పట్టుకుంటే గానీ రోడ్డు దాటేవాడు కాదు. వాడికి న్యూటన్ సూత్రాలు చెప్పింది నేను. వాడి గురించి రాయడానికి ఏమీ లేదు.

మార్చి 11, మంగళవారం

ఏమీ లేదు.

మార్చి 12, బుధవారం

ఉంది. రాస్తాను, ఎవరు చూడొచ్చారు.

వాడి సెంటర్లో ఈ రెండేళ్ళుగా పిల్లలు ఎక్కువయ్యారు. "మా సార్ చెప్పిన ప్రశ్నలే వస్తాయి" అని ఊళ్ళో పేరు. వాడు నా తమ్ముడు కాబట్టి నా పద్ధతి వాడికి తెలుసనుకుని మురిసిపోయాను. అక్కను చూసి నేర్చుకున్నాడని అమ్మ నలుగురితో చెప్పుకుంటే విని ఊరుకున్నాను. ఈసారి మాత్రం పేపరు ఉన్నదున్నట్టుగా పిల్లల ఫోన్లలోకి పోయింది. వాడి చెయ్యి దాటిపోయి ఉంటుంది.

ఇది నా ఊహ. ఊహల మీద పిల్లలకు మార్కులు వెయ్యను. తమ్ముడికి శిక్ష కూడా వెయ్యను. రుజువు కావాలి.

కెమిస్ట్రీ మేడమ్‌ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నాతో ఒకే బెంచీ మీద కూర్చుని ఇన్నేళ్ళు టిఫిన్ డబ్బా పంచుకున్న మనిషి. కాలేజీలో నన్ను చూసి మొహం తిప్పుకోనిది ఆవిడొక్కతే. నా పథకం చెప్పాను. ఒక దొంగ పేపరు తయారుచేస్తాను, మళ్ళీ పెట్టబోయే పరీక్షకని. అందులో ఒక లెక్కకు జవాబు ఉండదు. నిచ్చెన గోడకు ఆనించి ఉంది, పెయింటరు ఎక్కుతున్నాడు, ఎంత ఎత్తుకు వెళ్తే నిచ్చెన జారుతుంది? నేల ఎంత గరుకో మాత్రం చెప్పను. అది తెలియకపోతే ఎంత తలకాయ ఉన్నవాడైనా ఆ లెక్క చెయ్యలేడు. పేపరు నకలు ముందే కవర్లో పెట్టి, అంటించి, మీ ఇద్దరి సంతకాలతో బీరువాలో ఉంచండి. ఆ లెక్క ఎక్కడ తేలుతుందో చూద్దాం.

"ఎక్కడ తేలుతుందని మీ అనుమానం?" అన్నాడు ప్రిన్సిపాల్.

"తేలాక చెప్తాను."

"తేలకపోతే?"

"తేలకపోయినా మీ రెండు ముక్కలు రాయను."

కెమిస్ట్రీ మేడమ్ కిటికీవైపు తిరిగి నవ్వుకుంది.

మార్చి 13, గురువారం

తమ్ముడు భోజనానికి వచ్చాడు. వాడి పళ్ళెంలో కూర వడ్డిస్తూ, మళ్ళీ పెట్టే పరీక్షకు కూడా పేపరు నన్నే చెయ్యమన్నారని అమ్మతో చెప్పాను. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

"చూశావా, చివరికి నువ్వే దిక్కు వాళ్ళకి" అన్నాడు. మనస్ఫూర్తిగా సంతోషించినట్టే ఉంది వాడి మొహం. బహుశా సంతోషించాడేమో కూడా.

వాడు వెళ్ళాక పేపరు టైపు చేసి ఫోల్డర్లో పెట్టాను. టింగుమంది. అనుమతించాలా, ఆపాలా?

చెయ్యి మౌస్ మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆపు నొక్కితే అంతా ఇక్కడితో అయిపోతుంది. ప్రోగ్రామ్ తీసిపారేసి, ఎవడో పరాయివాడని తిట్టుకుంటూ, ప్రతి ఆదివారం వాడికి కూర వడ్డిస్తూ బతికెయ్యొచ్చు. నా మీద పడ్డ మచ్చ ఒక్కటే మిగులుతుంది. మచ్చ నాది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

అనుమతించు నొక్కాను.

మార్చి 15, శనివారం

కెమిస్ట్రీ మేడమ్, నేను తమ్ముడి సెంటర్లో సాయంత్రం క్లాసుకు వెళ్ళాం. వెనక తలుపు తీసే ఉంది. వాడు మాకు వీపు పెట్టి బోర్డు మీద రాస్తున్నాడు. ఆఖరి బెంచీలో జరిగి చోటిచ్చిన పిల్లలు నన్ను గుర్తుపట్టారు, నోరు మాత్రం మెదపలేదు.

బోర్డు మీద గోడ, గోడకు నిచ్చెన, నిచ్చెన మీద పుల్లల మనిషి.

"ఇది మాత్రం కచ్చితంగా వస్తుంది, రాసిపెట్టుకోండి. నేల గరుకుతనం ఎంతో పేపర్లో పడలేదు. టైపింగులో ఎగిరిపోయుంటుంది. పరీక్ష రోజు సరిచేసి చెప్తారులే. ప్రస్తుతానికి పాయింట్ మూడు అనుకోండి."

నేను లేచి నిలబడ్డాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది, క్లాసులో అటెండెన్స్ తీసుకునేటప్పటి గొంతులా.

"ఏ పేపర్లో పడలేదురా?"

వాడు తిరిగాడు. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి, ఎవరూ తోడు రాకపోయేసరికి ఆపేశారు. "అక్కా" అన్నాడు.

నాకు కోపం రాలేదు. వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. పిల్లల్ని చూస్తే వచ్చింది. అంతమంది వంచిన తలలతో ఆ తప్పుడు అంకెను పుస్తకాల్లో దించుకుంటున్నారు.

"అది కొట్టేయండి. ఈ లెక్కకు జవాబు లేదు. నేల ఎలాంటిదో తెలియకుండా నిచ్చెన జారుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. మీ సార్ కూడా" అన్నాను.

బయటికొచ్చాక కెమిస్ట్రీ మేడమ్ నా భుజం పట్టుకుంది. ఇంటిదాకా వదల్లేదు.

మార్చి 16, ఆదివారం

అమ్మ పొద్దుట్నుంచీ ఏడుస్తోంది. మరదలు ఫోన్ చేసి చెప్పిందట, నలుగురిలో మొగుడి పరువు తీశానని.

"వాడేమన్నా హత్య చేశాడా? పిల్లలకి నాలుగు ప్రశ్నలు చెప్పాడు. సెంటరు మూతపడిపోతుంటే ఏం చేస్తాడు? ఇంటి విషయం ఇంట్లో తేల్చుకోవాల్సింది."

"ఇంట్లోంచే కదమ్మా పోయింది."

"ఇంటి పరువు పోతుందే!"

"నోటీసు బోర్డు మీద నన్ను అంటించినప్పుడు ఏ ఇంటి పరువు పోయింది? నాది ఈ ఇల్లు కాదా?"

అమ్మ బట్టలు సర్దుకుని తమ్ముడింటికి వెళ్ళింది. ఆటో ఎక్కేటప్పుడు, పొయ్యి మీద పాలున్నాయి చూసుకో అంది.

మార్చి 18, మంగళవారం

కమిటీ. ముగ్గురు పెద్దమనుషులు, మధ్యలో కవరు. చింపారు, చదివారు. కెమిస్ట్రీ మేడమ్ తను చూసింది చూసినట్టు చెప్పింది. ప్రింట్ హెల్పర్ ఎప్పుడెప్పుడు బయటికి వెళ్ళబోయిందో నా ఫైర్‌వాల్ రాసుకున్నదంతా చూపించాను.

మీ తప్పేం లేదని తేలింది మేడమ్, అన్నాడు మధ్యలో ఆయన. "అయితే, బయటివ్యక్తి ఎవరో తెలియరాలేదని రాసేద్దాం. కాలేజీ పేరు కూడా చూసుకోవాలి కదా. మీకూ మంచిదే, సొంత తమ్ముడు."

నాకు మంచిదేదో చెప్పేవాళ్ళకు ఈ ఊళ్ళో కరువు లేదు.

"తెలిసింది తెలిసినట్టు రాయండి. నా తప్పు లేదని వేరే నోటీసు పెట్టండి. అదే బోర్డు మీద, అదే చోట."

"మేడమ్, అంత పట్టుదల దేనికి?"

"ఆ నోటీసు ముందు నిలబడి చదివిన పిల్లలకు రేపట్నుంచి నేను పాఠం చెప్పాలి సార్."

ఒక్క మాట మాత్రం ఒప్పుకున్నాను. ఇకనుంచి పేపరు కాలేజీలోనే, తాళం వేసిన గదిలో చేస్తాను. అది న్యాయమే.

మార్చి 19, బుధవారం

పెట్టారు. అదే చోట. అక్షరాలు కాస్త చిన్నవి. చదవడానికి వస్తున్నాయి, చాలు.

మార్చి 22, శనివారం

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. గుమ్మం అవతలే నిలబడ్డాడు. ఎప్పుడూ చెప్పులు అడ్డదిడ్డంగా విసిరేసి వంటింట్లోకి వచ్చేసేవాడు. గడ్డం మాసి ఉంది. చేతిలో మడిచిన కాగితం.

"సెంటరు మూసేశానక్కా. పిల్లల తల్లిదండ్రులు ఒక్కరూ ఉండనివ్వలేదు. కాలేజీవాళ్ళు పోలీసు కంప్లయింటు ఇస్తారట. లాయరు ఒక దారి చెప్పాడు. ఈ కాగితంలో, కంప్యూటర్ మనిద్దరం కలిసి వాడుకునేదని, ఫైళ్ళు చూసుకోడానికి నువ్వే ఒప్పుకున్నావని రాసుంది. నువ్వొక సంతకం పెడితే..."

"ఒప్పుకున్నానా?"

"అక్కా..."

"నన్ను అడిగావా ఎప్పుడైనా? అడిగుంటే ప్రశ్నలు ఇచ్చేదాన్ని కాదు. కానీ ఏ పాఠం ఎలా చెప్పాలో రోజూ కూర్చోబెట్టి చెప్పేదాన్ని. నీ సెంటరుకొచ్చి నేనే చెప్పేదాన్నిరా."

వాడు తల వంచుకున్నాడు. "నా మొహానికి చదువు రాదని నువ్వెప్పుడో అనుకున్నావనుకున్నాను" అన్నాడు. అలా నేనెప్పుడూ అనుకోలేదు. అది వాడితో చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.

"నేను జైలుకెళ్తే అమ్మ ఏమవుతుందక్కా?"

"అమ్మ నా దగ్గరికి వస్తుంది. నీ పెళ్ళాం కూడా రావొచ్చు. లాయరు ఖర్చుకు నేనూ సాయం చేస్తాను. జరిగింది జరిగినట్టు ఒప్పుకో, నీ పక్కన వచ్చి కూర్చుంటాను. ఈ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను."

"ఒక్క సంతకమే కదక్కా."

"పెట్టను. లోపలికి రా, భోంచేసి వెళ్ళు."

రాడనుకున్నాను. కాగితం జేబులో పెట్టుకుని, చెప్పులు విప్పి గోడవారగా జతచేసి పెట్టి, లోపలికి వచ్చాడు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నేను వడ్డించాను, వాడు తిన్నాడు. కన్నీళ్ళు పళ్ళెంలో పడుతుంటే ఎడమచేత్తో తుడుచుకుంటూ తిన్నాడు.

తినడం కావస్తుండగా జేబులోంచి ఆ కాగితం తీసి, నా వైపు చూడకుండా బల్ల మీదికి తోశాడు. నేను దాన్ని వాడివైపే తిరిగి తోసి, ఇంకొంచెం కూర వెయ్యనా అని అడిగాను.